అందరి ఫైల్లో ఒక లైను

తోపోలిక్ ఊరి విపత్తు కేంద్రంలో డ్యూటీ కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు, వోయిన్ పెట్టిన రివాజు. ముప్పై ఏళ్ళు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి వచ్చిన మనిషి ఆయన. అక్కడ ఒకరు లేవాలంటే రెండో మనిషి వచ్చి పక్కన నిలబడి ఉండాలి, లివరు మీది నుంచి ఒక చెయ్యి తీసేలోపు ఇంకో చెయ్యి పడాలి. కొండమీది ఈ రెండంతస్తుల భవనంలోకి కూడా ఆయన ఆ పద్ధతినే వెంటబెట్టుకొచ్చాడు. పొద్దున ఏడింటికి ఒకరు లేస్తారు, ఒకరు కూర్చుంటారు. కాఫీ కప్పు మారుతుంది, కంప్యూటరు తెర మారదు. ఎవరో ఒకరు ఎప్పుడో తమ పేరుతో లోపలికి వెళ్ళి ఉంటారు, ఆ పేరు మీదే ఆరుగురూ వారాల తరబడి పని కానిచ్చేస్తారు.

దెసాంకాకు ఇది బొత్తిగా గిట్టేది కాదు. కేంద్రం మొత్తానికి కంప్యూటర్లు చూసే మనిషి ఆమె ఒక్కతే. పద్నాలుగేళ్ళుగా మొత్తుకుంటూనే ఉంది.

"చికా, లేచేటప్పుడు ఆ సెషన్ మూసి లేవండి. తర్వాత వచ్చే ఆయన తన పేరుతో తెరుచుకుంటాడు. రెండు నిమిషాల పని."

"ఆ రెండు నిమిషాల్లో వాగొచ్చిందనుకో?"

"రెండు నిమిషాల్లో ఏ వాగొస్తుంది చికా?"

"రైలొచ్చేది అమ్మాయ్. నా కళ్ళతో చూశాను."

వోయిన్ ఊరంతటికీ చికాయే, పుట్టిన పిల్ల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ బాబాయే. బాబాయితో ఎంతసేపు వాదిస్తారు? దెసాంకా గొణుక్కుంటూ తన గదికి వెళ్ళిపోయేది. మిగిలిన ఐదుగురూ ఆమె వెనక నవ్వుకునేవాళ్ళు. ఆమె మాట పెడచెవిన పెట్టడం ఆ కేంద్రంలో ఒక వినోదం.

ఆ యంత్రంలో పనంతా నల్లటి తెర మీద, ఆదేశాలు టైపు చేసే షెల్‌లో నడుస్తుంది. బొమ్మలుండవు, బటన్లుండవు. పేరూ పాస్‌వర్డూ కొట్టి ఎవరైనా లోపలికి రాగానే షెల్ వాళ్ళకు కొన్ని విలువలు అందిస్తుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో చీటీ పెట్టినట్టు అనుకోండి. ఏ భాష వాడాలి, ఏ ప్రోగ్రాము ఎక్కడుంది, ఇలాంటివన్నీ ఆ చీటీలో ఉంటాయి. ఏ ప్రోగ్రాము నడిపినా అది ముందు ఆ చీటీ చూసుకునే నడుచుకుంటుంది. ఒక్కరి చీటీ మార్చాలంటే వాళ్ళ సొంత ఫైల్లో రాయాలి. అందరిదీ ఒకేసారి మార్చాలంటే అందరికీ కలిపి ఒక ఫైలుంది, దాన్ని ముట్టుకునే అధికారం దెసాంకా ఒక్కదానికే ఉంది. అయితే ఆ ఫైలును ఎంత మార్చినా, అప్పటికే లోపలున్నవాడి జేబులో చీటీ మారదు. వాడు బయటికి వెళ్ళి మళ్ళీ గేటు దాటి రావాలి.

ఈ సంగతి దెసాంకాకు తెలియనిది కాదు. నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

ఏప్రిల్ పన్నెండున డ్రిల్ పెట్టమని రాజధాని బెల్‌గ్రేడ్ నుంచి ఉత్తర్వు వచ్చింది. డ్యూటీ చేసే ఆరుగురూ ఎవరి పేరుతో వాళ్ళు లోపలికి వెళ్ళి, సైరన్లు మోగించే ఆదేశం ఇచ్చి చూపించాలి. కానీ సైరన్లు మోగకూడదు. కిందటేడు డ్రిల్‌లో నిజంగానే మోగించారు. యుద్ధంలో విమానాలు వచ్చి బాంబులు వేసిన ఆ వసంతాన్ని మరిచిపోని ఊరది. కూత వినగానే వాగు ఒడ్డు పేట, దిగువ మహల్లాలో ఒక ముసలాయన నేలమాళిగలోకి దూకి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆయన కొడుకులు వచ్చి డైరెక్టరు రాతొమిర్ గదిలో బల్ల గుద్ది మరీ అరిచి వెళ్ళారు.

"ఈసారి చప్పుడు రావడానికి వీల్లేదు," అన్నాడు రాతొమిర్. "కానీ తెర ఫొటో తీసి నివేదికకు జతచెయ్యాలి. అచ్చం నిజంలా ఉండాలి. పరీక్ష గిరీక్ష అన్న మాట ఎక్కడా కనపడ్డానికి లేదు. ఉత్తుత్తి పని చేశారంటారు."

"ఆరుగురికీ విడివిడిగా పెట్టనా? కొంచెం టైము పడుతుంది."

"విడివిడిగా ఎందుకు? అందరికీ ఒక్కసారే పెట్టే దారి లేదా?"

దారి ఉంది. దెసాంకా అందరి ఫైలు తెరిచి ఒక లైను రాసింది. ప్రోబా, అంటే పరీక్ష, అనే పేరు, దాని విలువ ఒకటి. సైరన్ల ప్రోగ్రాము కూడా ఆమె రాసిందే. చీటీలో ప్రోబా ఒకటి అని కనిపిస్తే అన్ని పనులూ చెయ్యాలి, తెర మీద ఆదేశం వెళ్ళిందని చూపించాలి, సైరన్లకు మాత్రం ఏమీ పంపకూడదు. జరిగినదాన్ని అసలు చిట్టాలో కాకుండా డ్రిల్ చిట్టా అని వేరే ఫైల్లో రాయాలి. ఈ మార్పులన్నీ గంటలో చేసేసింది. తన పనితనం చూసుకుని మురిసిపోయింది కూడా.

డ్రిల్ రోజున ఆమె మాట నెగ్గింది. ఆరుగురూ వరుసగా వచ్చి తమ పేరుతో తెరిచారు, ఆదేశం కొట్టారు, మూశారు. చివరి వంతు వోయిన్‌ది. ఆయన తెరిచాడు, కొట్టాడు, ఐదు సైరన్లకూ ఆదేశం వెళ్ళిందని తెర మీద వచ్చింది. ఫొటో తీశారు. ఆ పూట డ్యూటీ కూడా ఆయనదే కాబట్టి అలాగే కూర్చుండిపోయాడు.

సాయంత్రం దెసాంకా తన బల్ల దగ్గర ఆ లైను చెరిపేసింది. కొత్తగా లోపలికి వెళ్ళి ప్రోబా విలువ ఎంతని అడిగింది. ఖాళీ వచ్చింది. చెయ్యాల్సిన పనుల కాగితం మీద దాని పక్కన టిక్కు పెట్టి చేతులు దులుపుకుంది. తన మాట ఎవరూ వినరని రోజూ గొణిగే మనిషి, ఆ ఒక్కరోజు మాత్రం విన్నారనే అనుకుంది. మెట్లు దిగి డ్యూటీ గదిలోకి తొంగి చూసి, "చికా, ఒకసారి మూసి తెరవండి" అంటే అయిపోయేది. అలా అనలేదు. అనకపోవడానికి కారణం కూడా ఏమీ లేదు, ఇంటికి వెళ్ళే తొందర తప్ప.

తర్వాత ఇరవై నాలుగు రోజులు ఆరుగురూ వోయిన్ పేరు మీదే కూర్చున్నారు, లేచారు.

మే ఆరు ఆదివారం, సెయింట్ జార్జి రోజు. తోపోలిక్‌లో మూడో వంతు ఇళ్ళకు అదే స్లావా, ఇలవేల్పు పండుగ. ప్రతి ఇంట్లో కొవ్వొత్తి వెలుగుతోంది, పొయ్యి మీద గొర్రెపిల్ల కాలుతోంది, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వోయిన్ వాళ్ళ ఇంటి స్లావా వేరే రోజు, అందుకని పండుగ డ్యూటీ ఆయనే తీసుకున్నాడు. పక్కింటివాళ్ళు ఒక పళ్ళెంలో మాంసం, రొట్టె, చిన్న సీసాలో పళ్ళ సారా రకియా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు. పండుగ ఇంటివాళ్ళు పోస్తే వద్దనడం ఆ ఊళ్ళో వాళ్ళ దేవుణ్ణి వద్దన్నట్టే. ఒక్క గ్లాసు తాగి, వాళ్ళ ఇల్లు చల్లగా ఉండాలని చెప్పి, సీసాకు మూత పెట్టేశాడు.

మధ్యాహ్నం మూడున్నరకు కొండల మీద మబ్బు చిట్లింది. నాలుగూ పదికి పైనుంచి నీటిమట్టం కొలిచే మనిషి ఫోన్ చేశాడు. సుషిత్సా వాగు గట్టు దాటేసింది, దిగువ మహల్లాకు ముప్పై ఐదు, నలభై నిమిషాల్లో వస్తుంది. నాలుగూ పన్నెండుకు వోయిన్ ఆదేశం కొట్టాడు. ఐదు సైరన్లకూ వెళ్ళిందని తెర చెప్పింది. వాన గాజు పలకలను బాదుతోంది, కిటికీలు మూసి ఉన్నాయి, సైరన్లన్నీ కిందెక్కడో వాగు ఒడ్డున ఉన్నాయి. మామూలు రోజుల్లోనే ఆ కొండ మీదికి కూత సన్నగా వస్తుంది. ఆయన అగ్నిమాపక దళానికి ఫోన్ చేశాడు, ఆసుపత్రికి చేశాడు, వంతెన మూయించాడు. చేతిలో ఫోన్ ఉండగానే దిగువ మహల్లాలో ఒంటరిగా ఉండే అక్క స్తానోయ్కా గుర్తొచ్చింది. సైరన్ మోగింది కదా, ఇంత పనిలో సొంత అక్కకు ప్రత్యేకంగా చేస్తే బాగోదనుకున్నాడు. చెయ్యలేదు.

నాలుగూ యాభైకి వాగు దిగువ మహల్లాలోకి వచ్చింది. నలుగురు పోయారు. స్తానోయ్కా వంటింట్లో దొరికింది.

సోమవారం పొద్దునకల్లా ఊరు తీర్పు చెప్పేసింది. సైరన్ మోగలేదు. మోగించాల్సినవాడి బల్ల మీద రకియా సీసా ఉంది. ఇంకేం కావాలి? ఫోన్లు చేశాడు కదా అని ఒకరిద్దరు అన్నారు. తాగినవాడికి ఫోనెత్తడం చేతనవుతుంది, టైపు కొట్టడమే చేతకాదని మిగిలినవాళ్ళు వాళ్ళ నోళ్ళు మూయించారు. విచారణ కమిషన్‌ ఆవిడ నోవీసాద్ నగరం నుంచి వచ్చింది. అసలు చిట్టా తెరిపించి చూసింది. మే ఆరున అందులో ఏమీ లేదు. వోయిన్‌ను ఇంటికి పంపేశారు.

మంగళవారం దెసాంకా ఊరికే చూసింది. ఆ మాటే తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకుంది. ఏ అనుమానమూ లేదు, ఊరికే డ్రిల్ చిట్టా తెరిచింది. ఏప్రిల్ పన్నెండు నాటి ఆరు లైన్లే ఉండాలి. ఏడున్నాయి. ఏడోది మే ఆరు, పదహారు గంటల పన్నెండు నిమిషాలు, వాడినది వోయిన్, సైరన్లు ఐదు.

మెట్లు దిగి డ్యూటీ గదికి వెళ్ళింది. వోయిన్‌ను ఇంటికి పంపేసినా ఆయన పేరు తెర మీద అలాగే ఉంది, ఆ పేరు మీదే జివ్కో అనే ఇంకో డ్యూటీ మనిషి కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు.

"ఒక్క నిమిషం లే జివ్కో, ఏదో చూసుకోవాలి."

"కుర్చీ ఖాళీ చెయ్యకూడదమ్మా, చికా తిడతాడు," అని నవ్వబోయి, ఆ పేరు నోటికి రాగానే నవ్వు ఆపుకున్నాడు. లేచాడు.

దెసాంకా ప్రోబా విలువ ఎంతని అడిగింది. కింద ఒకటి అని వచ్చింది.

ఒకే ఒక్క అంకె. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియలేదు. ఇప్పుడు ఎగ్జిట్ అన్న ఒక్క మాట కొడితే ఈ సెషన్ పోతుంది, దాంతోపాటు ఆ చీటీ పోతుంది. డ్రిల్ చిట్టాలో ఒక లైను చెరపడం ఆమెకు లెక్కలోది కాదు. ఆ తర్వాత లోకంలో ఎవరూ ఏమీ రుజువు చెయ్యలేరు. ఆమె ఆ మాట కొట్టలేదు. నిజం చెప్పనూ లేదు. తెర మీది అక్షరాలు మాత్రం తుడిచి, గింజల తొక్కలు తీసి పారెయ్యమని జివ్కోకు చెప్పి పైకి వచ్చేసింది.

తిన్నగా రాతొమిర్ గదికి వెళ్ళింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే తల పగిలిపోయేలా ఉంది. ఆయన అంతా విన్నాడు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"అందరి ఫైల్లో రాసిందెవరు?"

"నేనే. మీరు ఒక్కసారే పెట్టమన్నారు."

"నేను చప్పుడు రాకూడదన్నాను. ఫైలు పేరు నాకు తెలుసా? ఆ నల్ల తెర భాషలో నాకు ఒక్క అక్షరం రాదు. ఈ భవనంలో ఎవరికీ రాదు. అది నీ అదృష్టం అనుకో." కొంచెం గొంతు తగ్గించాడు. "చూడు దెసా. వోయిన్‌కు ఏమవుతుంది? వయసు మీదపడింది, రికార్డు బాగుంది, అక్క పోయిన దుఃఖం ఉంది. రెండేళ్ళు వేసి, అది కూడా జైలు లేకుండా ఇంట్లోనే ఉండమంటారు. నీకు? నలుగురి ప్రాణాలు. నీ కూతురు ఇంకా బడికి వెళ్తోంది."

"ఆయన కొట్టాడండీ. సరిగ్గా కొట్టాడు."

"కొడితే కొట్టాడు. శుక్రవారం కమిషన్ ఆ యంత్రానికి సీలు వేస్తుంది. ఈలోగా ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టు. నేను చెప్పానని కాదు. మామూలుగా చేసే పనే."

ఆమె సరే అనలేదు, కాదనీ అనలేదు. ఇంటికి వెళ్ళి కూతురికి బంగాళాదుంపలు వేయించి పెట్టింది. ఆ పిల్ల బళ్ళో చెప్పుకునే కబుర్లు చెప్పింది. చికా తాగి పడిపోయాడట కదమ్మా, అంది. దెసాంకా పిల్ల పళ్ళెంలో ఇంకో రెండు ముక్కలు వేసింది. భయమేసింది, అంతే. దానికి వేరే పేరు పెట్టడం అనవసరం. జైలంటే భయం, ఊరంటే భయం, ఈ పిల్ల రేపు తనవైపు ఎలా చూస్తుందో అని భయం.

బుధవారం నలుగురినీ పూడ్చారు. ఊరంతా శ్మశానానికి వెళ్ళింది, కేంద్రం తరఫున దెసాంకా, రాతొమిర్ పూలదండ పట్టుకుని వెళ్ళారు. వోయిన్ నల్ల కోటు తొడుక్కుని, చేతిలో పసుపుపచ్చ మైనపు కొవ్వొత్తితో గేటు దగ్గరికి వచ్చాడు. స్తానోయ్కా కొడుకు గొయ్కో ఎదురొచ్చి అడ్డం నిలబడ్డాడు. నలభై ఏళ్ళవాడు, ఈ మేనమామ భుజాల మీద పెరిగినవాడు.

"ఎక్కడికి?"

"మీ అమ్మ దగ్గరికి రా."

"ఆదివారం వెళ్ళాల్సింది. సైరన్ కొట్టడం చేతకాకపోతే కనీసం ఫోనన్నా చెయ్యాల్సింది. ఆ సీసా అడ్డమొచ్చిందా?"

"గొయ్కో, ఒక్క పిడికెడు మట్టి వేసి వెళ్ళిపోతాను."

గొయ్కో ఆయన చేతిలో కొవ్వొత్తి లాక్కున్నాడు. విరవలేదు, పారెయ్యలేదు, మడిచిన వేళ్ళలోంచి తీసి తన జేబులో పెట్టుకున్నాడు. గేటు మూశాడు. వోయిన్ ప్రహరీ బయట టోపీ తీసి నిలబడ్డాడు. ఫాదరు ప్రార్థన చదువుతుంటే ఆ గోడ మీదుగా ఆయన నెరిసిన తల మాత్రం కనిపించింది. దెసాంకా గేటుకు పది అడుగుల దూరంలో ఉంది. అక్కడ నోరు తెరిచి ఉంటే ఆ గేటు తెరుచుకునేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. పూలదండ రిబ్బను సర్దుతూ నిలబడింది.

గురువారం మధ్యాహ్నం వోయిన్ ఆమె గదికి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. ఒకటి అడుగుతాను, నవ్వకు."

"నవ్వను చికా."

"మనిషి ఒక పని చేశాననుకుని చెయ్యకుండా ఉండగలడా? వేళ్ళు ఆ మీటల మీద ఉన్నట్టు నాకు బాగా గుర్తు. వెళ్ళిందని తెర మీద చూసినట్టు గుర్తు. కానీ ఆ కమిషన్ ఆవిడ నాకు చూపించింది కదా, అక్కడేమీ లేదు. అంటే ఆ డ్రిల్ రోజున చూసిందే మళ్ళీ గుర్తొస్తోందేమో. మనసులోనే కొట్టుకుని, చేత్తో కొట్టలేదేమో."

"ఒక్క గ్లాసుకు అలా అవదు చికా."

"అదే నేనూ అనుకున్నాను. కానీ ఇంకేం జరిగుంటుంది? రైల్వేలో ముప్పై ఏళ్ళలో ఒక్క లివరు తప్పు లాగలేదు నేను. ఇప్పుడు లాగాను. మా అక్కని చంపుకున్నాను." ఆ మాట చాలా మామూలుగా అన్నాడు, అప్పటికే వందసార్లు అనుకున్న మాటలా. "రేపు పదింటికి సంతకం పెట్టమన్నారు. ఆదేశం ఇవ్వలేదని రాసిచ్చారు. పెట్టేస్తాను. నిన్ను అడిగింది దానికి కాదు. నాకు తెలియాలని. నువ్వొకసారి ఆ యంత్రంలో వెతికి చూస్తావా? నా మీద జాలిపడి అబద్ధం చెప్పొద్దు."

"చూస్తాను," అంది.

ఆయన వెళ్ళాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడిస్తే మనసు తేలికపడుతుందంటారు, ఏమీ పడలేదు. తన తప్పును ఒక ముసలాయన నెత్తిన పెట్టడం వరకే అనుకుంది ఈ రెండు రోజులూ. ఆయన దాన్ని నమ్మేస్తాడని అనుకోలేదు. తన కళ్ళను, తన చేతులను కూడా నమ్మడం మానేసి, చెయ్యని హత్యను ఒప్పుకుని కూర్చుంటాడని అనుకోలేదు. ఐదింటికి రాతొమిర్ తలుపులోంచి తల పెట్టి, "అయిందా?" అన్నాడు. "రేపు చేస్తాను," అంది. అది నిజమే, ఆయన అనుకున్న పని మాత్రం కాదు.

శుక్రవారం తొమ్మిదిన్నరకు ఆమె కమిషన్ ఆవిడను డ్యూటీ గదికి పిలిచింది. వోయిన్ మెట్ల దగ్గర కనిపిస్తే ఆయన్నూ తీసుకొచ్చింది. జివ్కోను లేపింది. వోయిన్‌ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన తెర మీద తన పేరు చూసి, "ఇది ఇంకా ఉందా?" అన్నాడు.

దెసాంకా పక్కన నిలబడి వంగి టైపు చేసింది. ప్రోబా విలువ ఒకటి అని వచ్చింది. తర్వాత డ్రిల్ చిట్టా తెరిచి చివరి లైను చూపించింది. వోయిన్ కళ్ళజోడు పెట్టుకుని, బడి పిల్లాడిలా ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాడు. తేదీ చదివాడు. సమయం చదివాడు. తన పేరు చదివాడు.

"అంటే కొట్టాను."

"కొట్టారు చికా. నాలుగూ పన్నెండుకి. ఐదు సైరన్లకూ."

"సరిగ్గా కొట్టాను."

"ఒక్క అక్షరం తప్పు లేదు."

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఐదు రోజులుగా బిగబట్టి ఉన్న ఊపిరి వదిలాడు.

"మరి మోగలేదేం?"

ఆమె చెప్పింది. అందరి ఫైల్లో తాను రాసిన లైను గురించి, దాన్ని చెరిపిన సంగతి, ఈ సెషన్ ఆ రోజు నుంచీ మూయకపోవడం వల్ల పాత చీటీ దీనిలోనే ఉండిపోయిన సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పింది. తెర మీద నిజంలా కనిపించేలా రాసింది కూడా తానేనని చెప్పింది. డ్రిల్ అయ్యాక కిందికి దిగి ఒక్క మాట చెప్పి ఉండాల్సిందని చెప్పింది. కమిషన్ ఆవిడ నిలబడే రాసుకుంటోంది. మధ్యలో ఒకసారి, "ఈ తెరను ఎవరూ ముట్టుకోకండి," అని మాత్రం అంది.

వోయిన్ తెర మీది తన పేరు మళ్ళీ చూసి, "మూసి లెమ్మని నువ్వు చెబుతూనే ఉన్నావు," అన్నాడు. "నేను వినలేదు. నాదీ ఉంది ఇందులో."

"లేదు చికా. తప్పు నాది."

"ఉందిలే. నాకు తెలుసు ఎంతుందో." ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఇంకా బాబాయే చూస్తున్నాడు. "ఇదంతా ఎప్పుడు బయటపడింది నీకు? నిన్న నేనడిగాక వెతికావా?"

కమిషన్ ఆవిడ కలం ఆగింది. అవునని ఒక్క మాట అంటే చాలు. నిన్న అడిగాడు, నిన్న వెతికింది, ఇవాళ చెప్పింది. ఎవరూ కాదనేవాళ్ళు లేరు. తెలిసిన ఒక్క రాతొమిర్ చచ్చినా నోరు విప్పడు. వోయిన్ కూడా ఆ జవాబే కావాలన్నట్టు చూస్తున్నాడు, ఆ జవాబు ఇస్తే ఆమెను క్షమించడానికి సిద్ధంగా ఉన్నాడు.

"మంగళవారం," అంది దెసాంకా.

ఆయన తల ఊపాడు. ఒక క్షణం పట్టింది ఆ రోజుల లెక్క ఆయనకు అందడానికి.

"బుధవారం కదా అక్కని పూడ్చింది."

"అవును."

"నువ్వక్కడున్నావు. గేటు దగ్గర. దండ పట్టుకుని."

"ఉన్నాను."

వోయిన్ కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు. కమిషన్ ఆవిడ వైపు తిరిగి, ఇంక ఆ కాగితం మీద సంతకం అక్కర్లేదు కదా అని అడిగాడు. అక్కర్లేదని ఆవిడ చెప్పింది. టోపీ అందుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి, దెసాంకా వైపు చూడకుండానే ఆగాడు.

"గొయ్కో ఇవాళే వస్తాడు, సంగతి తెలియగానే. మంచివాడు వాడు. వచ్చి నా చేతులు పట్టుకుని ఏడుస్తాడు, నేను వాణ్ణి ఊరుకోబెట్టాలి." టోపీ పెట్టుకున్నాడు. "కానీ నేను పిడికెడు మట్టి వెయ్యడానికి మళ్ళీ తవ్వరు కదమ్మా."

గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు. కమిషన్ ఆవిడ కాగితం తిప్పి, మంగళవారం ఎన్ని గంటలకో చెప్పమని దెసాంకాను అడిగింది.